తవిటమ్మ గుమ్మం ముద్ద

అనగనగా అంటే ఎక్కడో దూరాన అనుకోకండి. మనకు చాలా దగ్గరగా, ఎవరి కంటికీ కనిపించని ఒక ఊరు ఉండేది. ఆ ఊరు కొండ మీద లేదు, ఏటి ఒడ్డున లేదు. పైడితల్లి అనే ఒక చిన్నపిల్ల ఒంట్లో ఉంది.

ఆ ఊరికి చర్మమే కోటగోడ. ముక్కు ఒక వాకిలి. అక్కడ వెంట్రుకల కంచె, కంచె వెనక జిగట బురద. నోరు ఇంకో వాకిలి. అక్కడ ఎప్పుడూ ఊరుతూ ఉండే ఏరు. కళ్ళ దగ్గర ఉప్పునీటి కాలువ. కడుపులో పుల్లటి గుండం. అందులో పడిన దొంగ మళ్ళీ లేచిన దాఖలా లేదు. ఇన్ని ఉన్నా దొంగలు వస్తూనే ఉంటారు. లోపల వెచ్చగా ఉంటుంది, తిండి దండిగా ఉంటుంది. ఎవరు రారు చెప్పండి?

ఆ ఊళ్ళో గొంతు వీధి అని ఒక వీధి. ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఆ వీధిలో తవిటమ్మ అనే ఇల్లాలు ఉండేది. పక్కిల్లు ఆమె కూతురు నూకాలుది. ఆ ఊళ్ళో కూతుళ్ళు పుట్టేది మనలాగా కాదు. తల్లి ఇల్లే రెండుగా చీలుతుంది. సగం తల్లికి, సగం కూతురికి. అందుకే తవిటమ్మకీ నూకాలుకీ మధ్య ఒక్కటే గోడ.

ఇంకో సంగతి. ఆ ఊళ్ళో ఇల్లూ మనిషీ వేరు కాదు. నత్తకు గుల్ల ఎలాగో వాళ్ళకు ఇల్లు అలాగ. ఇల్లు పడితే మనిషీ పడినట్టే.

ఆ ఊరికి ఒక కట్టడి ఉంది. పొయ్యి మీద కుండ దించగానే, ఎవరింట్లో ఏం వండారో అందులో చిటికెడు తీసి, ఆకు ముక్క మీద పెట్టి, గుమ్మం బయట ఉంచాలి. దాన్ని గుమ్మం ముద్ద అంటారు. అది ఎవరూ తినడానికి కాదు, తలారి చూడడానికి.

తలారి పేరు గవరయ్య. రొమ్ము ఎముక వెనక ఒక బడి ఉంది. తలారులందరూ అక్కడ చదువుకున్నవాళ్ళే. ఆ బడిలో ఒకటే పాఠం. మన వంట ఏది, పరాయి వంట ఏది. మన వంట చూసి కర్ర ఎత్తినవాడు ఆ బడి దాటి బయటికి రాడు. పరాయి వంట చూసి కర్ర ఎత్తనివాడూ రాడు. అలా ఏరగా ఏరగా మిగిలినవాడు గవరయ్య. రోజూ వీధి వెంట నడుస్తాడు. ప్రతి గుమ్మం దగ్గరా వంగి ముద్ద వాసన చూస్తాడు. మన వంటే అయితే మీసం దువ్వుకుని ముందుకు పోతాడు. పరాయి వంట అయితే లోపల దొంగ పొయ్యి వెలిగించాడని అర్థం. తవిటమ్మ ఎరిగినంతలో, అప్పుడు కర్రతో గుమ్మానికి ఒక పోటు పొడుస్తాడు. ఆ ఇల్లు బయటికి చెదరకుండా, లోపలికి లోపలికే కూలిపోతుంది, దొంగతో సహా.

ఎదురు వరసలో సూరీడమ్మ ఇల్లు అలా కూలడం తవిటమ్మ కళ్ళారా చూసింది. ఆనాటి నుంచి తలారి కర్ర చప్పుడు వింటేనే ఆమె తన గుమ్మం ముద్ద ఇంకోసారి చూసుకునేది. తన ఇంట్లో ఏ తప్పూ లేకపోయినా సరే.

ఒకనాడు పైడితల్లి ఆడుకుంటూ స్నేహితురాలి దగ్గర జామకాయ తీసుకుంది. ఆ స్నేహితురాలికి ముక్కు కారుతోంది. గౌను అంచు కప్పి కొరికితే అది కాకి ఎంగిలి, అసలు ఎంగిలి కాదని పిల్లల లెక్క. పాపం పైడితల్లి గౌను అంచు కప్పే కొరికింది. దొంగకు గౌను అంచు ఒక అడ్డమా?

జామకాయ ముక్కతో పాటు దొంగలు గుంపుగా వచ్చారు. నోటి ఏరు వాళ్ళలో చాలామందిని ఈడ్చుకుపోయి కడుపు గుండంలో పడేసింది. ఒకడు మాత్రం కొట్టుకుపోతూ పోతూ గొంతు వీధి అరుగు పట్టుకుని వేలాడాడు. పైకి పాకాడు. తవిటమ్మ తలుపు తట్టాడు.

"అత్తా! ఓ అత్తా! తలుపు తియ్యి. తడిసి ముద్దయిపోయాను."

"ఎవరు బాబూ నువ్వు?"

"నన్నెరగవా? వీధి చివరోళ్ళ చుట్టాన్ని. ఇదిగో, తాళంచెవి కూడా ఉంది."

నిజంగానే అతని చేతిలో తాళంచెవి ఉంది. అతను తవిటమ్మ తలుపు తాళంలో పెడితే సరిగ్గా పట్టింది. 'మనవాళ్ళు కాకపోతే మన తాళంచెవి వాడి దగ్గర ఎందుకుంటుంది?' అనుకుంది ఆ వెర్రితల్లి. గడియ తీసింది.

చుట్టం లోపలికి వచ్చాడు. పొయ్యి పక్కన కూర్చున్నాడు. అంగీ విప్పాడు. తవిటమ్మ చూసి కొయ్యబారిపోయింది. అంగీ లోపల మనిషే లేడు. ఒక పాట ఉంది, అంతే.

ఆ పాట మొదలయ్యింది. వినగానే తవిటమ్మ చేతిలో గరిటె దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. ఆపుదామంటే చెయ్యి ఆమె మాట వినలేదు. ఆమె కుండ, ఆమె నిప్పు, ఆమె గింజలు. వంట మాత్రం వాడిది. కుండలోంచి అచ్చం వాడిలాంటి పిల్ల చుట్టం ఒకడు అంగీ తొడుక్కుని పైకి లేచాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక ఇంకొకడు.

"బాబ్బాబు, ఇదేం పని?" అంది తవిటమ్మ ఏడుపు గొంతుతో.

"ఏం లేదత్తా. నాలుగు పూటలుండి మా దారిన మేం పోతాం. నీకేం కాదు. తలారికి మాత్రం తెలియకూడదు. తెలిస్తే ఏమవుద్దో నీకు తెలుసుగా? సూరీడమ్మ ఏమైపోయిందో మర్చిపోయావా?"

తవిటమ్మ మర్చిపోలేదు. అదే ఆమె బాధ.

ఇంతలో వీధిలో కర్ర చప్పుడు. ఠక్, ఠక్.

ఆమె చుట్టూ చూసింది. ఉట్టి మీద పొద్దున తను వండుకున్న మెతుకులు కాసిని మిగిలి ఉన్నాయి. చుట్టం రాకముందు వండినవి. గబగబా ఆకులో పెట్టి గుమ్మం బయట ఉంచింది. గవరయ్య వచ్చి వంగి చూశాడు.

"తవిటక్కా, ముద్ద చల్లారిపోయిందేం?"

"పొయ్యి సరిగా రాజుకోలేదు తమ్ముడూ."

"నీ పొయ్యా! వీధిలో అందరికంటే ముందు పొగ లేచేది నీ ఇంట్లోనే కదా. ముసలిదానివైపోతున్నావు అక్కా."

"నీ మీసం కంటే నా పొయ్యే నయం. వెళ్ళెళ్ళు."

గవరయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. తవిటమ్మ తలుపు వేసి, దానికే వీపు ఆనించి కూలబడింది. గండం గడిచిందనుకుంది. గడవలేదు. అప్పుడే మొదలయ్యింది.

కొంతసేపటికి ఊరు ఊరంతా ఒక్కసారి ఎగిరిపడింది. బయట పైడితల్లి దగ్గింది. అటక మీది కుండలు దొర్లాయి. మళ్ళీ దగ్గింది. వీధిలో జనం గోడలు పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత గుండె దండోరా గబగబా మోగింది.

"ఊరంతా పొయ్యిలు ఎగదోయాలహో! ఎక్కడో దొంగ దూరాడహో! పట్టుబడేదాకా మంట తగ్గించవద్దహో!"

ఇంటింటా మంటలు లేచాయి. వీధి కొలిమిలా కాలింది. బయట నుంచి పైడితల్లి వాళ్ళమ్మ గొంతు ఉరుములా వినిపించింది. "అయ్యో, ఒళ్ళు కాలిపోతోందే నా తల్లీ!"

ఎడం పక్కింటి పోలమ్మ అరుగు మీద చతికిలబడి విసురుకుంటూ సణిగింది. "దొంగ ఎక్కడున్నాడో తెలీదు గానీ, మనం మాత్రం మాడి చస్తున్నాం. ఈ ఆజ్ఞ ఇచ్చిన మహానుభావుడెవరమ్మా?"

అటుగా బొజ్జన్న వెళుతున్నాడు. బొజ్జన్న అంటే ఊరి చెత్తంతా మింగి శుభ్రం చేసేవాడు. పొట్ట నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తాడు.

"సణక్కు పోలమ్మా. వేడి మనకి కష్టమే. దొంగకి ఇంకా కష్టం. వేడికి వాడి పాట బొంగురుపోతుంది."

"నీకేం, నువ్వు ఏదైనా తింటావు. వేడిని కూడా మింగెయ్యరాదూ?"

"ఉప్పు తక్కువైంది, లేకపోతే మింగేవాణ్ణే" అన్నాడు బొజ్జన్న.

తలుపు సందులోంచి తవిటమ్మ అంతా విన్నది. నిజమే, లోపల చుట్టం గొంతు బొంగురుపోయింది. పాట నెమ్మదించింది. ఆగలేదు. గరిటె తిరుగుతూనే ఉంది. అటక సగం దాకా పిల్ల చుట్టాలు నిండిపోయారు. ఊరంతా మాడుతున్నది తన వల్లేనని ఆమెకు తెలుసు. అది తలుచుకుంటే నిప్పు మీద కూర్చున్నట్టుంది. చెబుదామని గుమ్మం దాకా వెళ్ళింది. సూరీడమ్మ ఇంటి ఖాళీ జాగా కనిపించింది. వెనక్కి వచ్చింది.

ఉట్టి మీద మెతుకులు అయిపోయాయి. మళ్ళీ తలారి వచ్చే వేళయ్యింది. ఏం చెయ్యాలి? ఆకు పట్టుకుని కూతురి ఇంటికి పరిగెత్తింది.

"నూకాలూ, ఒక ముద్ద ఉంటే పెట్టవే."

"ముద్ద కూడా అరువేంటమ్మా? నీ కుండకేమయ్యింది?"

"వేడికి మాడిపోయింది."

"ఆకేంటి ఇలా నలిగిపోయింది?"

"దానిక్కూడా వేడే."

నూకాలు తల్లి మొహంలోకి చూసింది. "మీ ఇంట్లోంచి పాట వినిపిస్తోంది. ఎవరమ్మా?"

"నేనే."

"నువ్వా? నీ జోలపాటకి నేను ఏడుపు ఆపింది నిద్రొచ్చి కాదు, భయమేసి. నువ్వే చెప్పేదానివి."

మామూలప్పుడైతే తవిటమ్మ నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. ముద్ద తీసుకుని, కూతురి మొహం చూడకుండా వచ్చేసింది.

గవరయ్య వచ్చాడు. వంగాడు. ముద్ద వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఇది నూకాలు చేతి ముద్దలా ఉందే."

"తల్లీకూతుళ్ళం. చేతివాటం ఒకటే ఉండదా?"

"ఉంటుందనుకో." గవరయ్య లేచి నిలబడి తలుపు వైపు చూశాడు. మీసం దువ్వుకోలేదు. "అక్కా, ఏదైనా ఉంటే చెప్పు."

మాట తవిటమ్మ నాలుక చివర దాకా వచ్చింది. మింగేసింది. "ఏముంటుంది తమ్ముడూ."

మన వంట చూసి కర్ర ఎత్తకూడదని బడిలో నేర్చుకున్నవాడు గవరయ్య. అందుకే ఎత్తలేదు. మెల్లగా నడిచి వెళ్ళాడు. మూడిళ్ళు దాటాక ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

తవిటమ్మ పాత ఆకు ఎత్తేసి లోపలికి వచ్చేసరికి చుట్టం నవ్వుతున్నాడు. "భలే అత్తవి. ఇక ముద్దల గొడవే వద్దు. ఈసారి ఏమీ పెట్టకు. గడియ వేసి ఊరుకో. ముద్ద లేకపోతే తలారి వాసన ఏం చూస్తాడు?"

"మరి నాలుగు పూటలన్నావుగా? ఎప్పుడు పోతారు?"

"పోతాంలే. దారి చేసుకుంటున్నాం."

అప్పుడు విన్నది తవిటమ్మ. గర్... గర్... ఎవరో గోడ గీకుతున్నారు. వీధి వైపు గోడ కాదు. నూకాలు ఇంటి వైపు గోడ.

"అటు ఎందుకు గీకుతున్నారు?" అని అడిగింది.

"ఇక్కడ ఇరుకైపోయింది కదత్తా. మీ అమ్మాయి కుండ కొత్తది. బాగా ఉడుకుద్ది."

తవిటమ్మకు అప్పుడు తెలిసింది. తనొక్కతి బతకాలని దాచింది. దాచిన కొద్దీ వీడు పెరిగాడు. ఇప్పుడు తన బిడ్డ గోడకే కన్నం వేస్తున్నాడు.

అప్పుడే వీధిలో ఇంకో చప్పుడు వినిపించింది. గవరయ్య కర్ర ఠక్కుమంటుంది. ఇది అలా కాదు. ఎవరో నేలను తడుముతున్నట్టు, సర్రు, సర్రు.

ముత్యాలవ్వ వస్తోంది.

ముత్యాలవ్వ గురించి మీకు చెప్పనే లేదు. ఆ ఊళ్ళో ఆమె అందరికంటే పాత కాపలా మనిషి. ఏ బడికీ వెళ్ళలేదు. చూపు ఆనదు, వాసన తెలీదు. ఆమెకు కావలసింది ఒకటే. గుమ్మం ముందు ముద్ద ఉందా, లేదా? కర్రతో తడుముతుంది. తగిలితే "చల్లగా ఉండమ్మా" అని వెళ్ళిపోతుంది. తగలకపోతే, ఆ ఇంట్లో ఎవరో ఏదో దాస్తున్నారని లెక్క. ఇల్లు కొట్టేస్తుంది. ఎవరు దూరారు, ఏం వండారు, అవన్నీ ఆమెకు అక్కర్లేదు.

చుట్టానికి గవరయ్య సంగతి తెలుసు. ముత్యాలవ్వ సంగతి తెలీదు.

సర్రు, సర్రు. పోలమ్మ గుమ్మం. "చల్లగా ఉండమ్మా."

సర్రు, సర్రు. తవిటమ్మ గుమ్మం. కర్ర అటు తడిమింది. ఇటు తడిమింది. ఆగింది.

తవిటమ్మ గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంక తప్పేది లేదు, ఇల్లు పోతుంది, తనూ పోతుంది. అది తేలిపోయింది. తేలిపోగానే ఆశ్చర్యంగా ఆమెను భయం వదిలింది. బుర్ర పనిచేసింది. 'నేను నోరు మూసుకుని పోతే నా ఇల్లు పడుతుంది, సరే. ఈ వంట వాసన ఎవరు చూస్తారు? పాట సంగతి ఎవరికి తెలుస్తుంది? గోడకి కన్నం పడిందని నా కూతురికి ఎవరు చెబుతారు?'

ఆమె వెనక, నూకాలు ఇంటి వైపు గోడలోంచి ఒక ఇటుక రాలింది.

తవిటమ్మ గడియ లాగేసింది. కుండలో చెయ్యి పెట్టి, కాలుతున్నా లెక్కచెయ్యకుండా, ఆ పరాయి వంట పిడికెడు తీసింది.

"అత్తా! ఏం చేస్తన్నావు?" చుట్టం పాట ఆగిపోయింది.

"అవ్వా, ఒక్క క్షణం ఆగు!" అంది తవిటమ్మ. "కొట్టాల్సిన ఇల్లే ఇది. ముందు ముద్ద పెట్టనీ."

ఆకు కోసం కూడా చూడలేదు. నేల మీదే పెట్టేసింది. పెట్టి, జీవితంలో ఎప్పుడూ అరవని గొంతుతో వీధి దద్దరిల్లేలా అరిచింది.

"తలుపులు వేసుకోండమ్మా! అందరూ గడియలు బిగించుకోండి! నా ఇంట్లో దొంగ ఉన్నాడు. తాళంచెవి చూపిస్తాడు, అత్తా అని పిలుస్తాడు, నమ్మకండి! పాట వింటే మీ గరిటె మీ మాట వినదు, చెవులు మూసుకోండి!"

టపటపా తలుపులు పడ్డాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా గడియలు బిగిశాయి. తవిటమ్మ ముద్ద అరువుకు వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లోంచి జారుకుని, అరుగుల మీద తలుపు తట్టబోతున్న దొంగలు చేతులు చాపినట్టే ఉండిపోయారు.

"అమ్మా!" అని నూకాలు కేక వినిపించింది. "నా వంటింట్లోకి ఒకడు దూరాడు! ఇప్పుడే, గోడలోంచి!"

"అరవకే నూకాలూ, వీధంతా వింటుంది!" అని తలుపు వెనక నుంచి పోలమ్మ.

"వినాలనే!" అంది తవిటమ్మ. "ముద్ద పెట్టవే తల్లీ. వాడు ఏం కలిపితే అది తీసి పెట్టు. ఇప్పుడే పెట్టు."

"పెడితే నా ఇల్లు..."

"దాచిన నన్ను చూడు. చూసి పెట్టు."

నూకాలు ఒకసారి తన గోడల వైపు చూసుకుంది. అయినా పెట్టింది.

ఠక్ ఠక్ ఠక్ ఠక్. గవరయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. కర్రకు ముద్ద తగిలిన ముత్యాలవ్వ అతనికి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. తవిటమ్మ ముద్ద వాసన చూశాడు. మీసాలు నిక్కబొడుచుకున్నాయి. ఈల వేశాడు. ఒక గవరయ్య ఇద్దరయ్యాడు, ఇద్దరు నలుగురయ్యారు. వీధి నిండా గవరయ్యలే. ఒకడు ఆ ముద్దలో చిటికెడు మూట కట్టుకుని దవడ కింది కొలుముల వైపు పరుగు తీశాడు. అక్కడి కమ్మరులు సంకెళ్ళు చేస్తారు. ఆ దొంగ వాసన తెలిస్తేనే, సరిగ్గా వాడి కొలతకు చెయ్యగలరు.

గవరయ్య ముందు నూకాలు ఇంటికి వెళ్ళాడు. దొంగ అప్పుడే అంగీ విప్పబోతున్నాడు. పాట ఇంకా ఎత్తుకోలేదు. పొయ్యి ఒక్కటే పడగొట్టి, వాణ్ణి మెడ పట్టి బయటికి లాగాడు. ఇల్లు నిలిచింది.

"నా ఇల్లు పడలేదేం?" అంది నూకాలు, తన గోడలు తనే తడుముకుంటూ.

"వెంటనే చెప్పావు కనక" అన్నాడు గవరయ్య.

తర్వాత తవిటమ్మ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. కర్ర వెంటనే ఎత్తలేదు.

"అక్కా, ఆ చల్లని ముద్ద పెట్టిన పూటే చెప్పి ఉంటే, నీ పొయ్యి కూడా పడగొట్టి ఊరుకునేవాణ్ణి కదా."

"అలా జరుగుతుందా తమ్ముడూ? నేను చూసినదల్లా సూరీడమ్మ ఇల్లు కూలడమే."

"కూలిన ఇల్లు అందరికీ కనిపిస్తుంది. నిలిచిన ఇంటిని ఎవరు చూస్తారు? మీ పోలమ్మ పొయ్యి ఎన్నిసార్లు పడగొట్టానో నీకు తెలుసా?"

"అబ్బ, వీధంతా చాటాలా ఏంటి తమ్ముడూ!" అంది తలుపు వెనక నుంచి పోలమ్మ. అంతలో ఆమె గొంతు మారిపోయింది. "చెప్పాల్సింది తవిటమ్మా. నాకు సిగ్గేసి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు ఇంత భయపడేదానివి కాదు."

తవిటమ్మ తల ఊపింది. లోపల అటక నిండా, గదుల నిండా దొంగలు. పొయ్యి ఒక్కటి పడగొడితే పోయే రోజు దాటిపోయింది. ఆ సంగతి గవరయ్యకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"కానియ్యి తమ్ముడూ. ఒక్కడు కూడా తప్పించుకోకుండా చూడు."

"అమ్మా!" అని నూకాలు గోడకు అతుక్కుపోయి ఏడ్చింది.

"ఏడవకే. కన్నం పూడ్చుకో. నా ఇటుకలు పనికొస్తాయి, తీసుకో."

తవిటమ్మ లోపలికి వెళ్ళి తలుపు తనే వేసుకుంది. చుట్టం బయటికి దూకబోయాడు. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. గవరయ్య మొహం పక్కకు తిప్పుకుని, గుమ్మానికి ఒక్క పోటు పొడిచాడు.

ఇల్లు లోపలికి, లోపలికే, మడత పెట్టినట్టు కూలింది. ఒక్క పెంకు కూడా వీధిలో పడలేదు. ఒక్క దొంగ కూడా బయటికి రాలేదు.

బొజ్జన్న వచ్చి ఆ దిబ్బంతా మెల్లగా తీసేశాడు. ఇటుకలు మాత్రం వేరు చేసి నూకాలు గుమ్మం దగ్గర పేర్చాడు.

కొలుముల్లోంచి సంకెళ్ళు వచ్చాయి. పైడితల్లి దవడ కింద బిళ్ళలు కట్టాయని వాళ్ళమ్మ కంగారుపడింది. అవి కొలుములు మండుతున్న గుర్తులని ఆమెకేం తెలుసు? వీధి అంచుల్లో తచ్చాడుతున్న దొంగల చేతులకు సంకెళ్ళు పడ్డాయి. చేతులు కట్టేస్తే తాళంచెవి తిప్పేదెలా? ఒక్కొక్కణ్ణే బొజ్జన్న ఏరుకుని మింగాడు.

ఆ తర్వాత దండోరా మారింది. "మంటలు తగ్గించండహో!" కోటగోడ మీద చెమట వాన కురిసింది. ఊరు చల్లబడింది. బయట పైడితల్లి కళ్ళు తెరిచి, "అమ్మా, గంజి పెట్టవే, ఆకలేస్తోంది" అంది. ఆ మాటకు ఆ ఇంట్లో ఎంత సంబరం జరిగిందో లోపలి ఊరికి తెలీదు. లోపలి ఊళ్ళో ఏం పోయిందో పైడితల్లికీ తెలీదు.

అదే జాతి దొంగలు ఆ తర్వాత ఇంకోసారి వచ్చారు. పైడితల్లి తిరునాళ్ళ గుంపులో తిరుగుతుంటే ముక్కు వాకిలి గుండా దూరారు. ఈసారి ఏ తలుపూ తట్టలేకపోయారు. వాళ్ళ కొలత సంకెళ్ళు వాకిట్లోనే సిద్ధంగా ఉన్నాయి. తవిటమ్మ పెట్టిన ముద్ద వాసన కొత్త తలారులకు కూడా కంఠతా వచ్చు. పైడితల్లి ఒక్కసారి తుమ్మి, జీళ్ళు తింటూ ముందుకు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు నూకాలు ఇల్లు చీలి ఆమెకూ ఒక కూతురు పుట్టింది. తవిటమ్మ ఇల్లు కూలిన జాగాలోనే ఆ పిల్ల కాపురం పెట్టింది. పాలు పొంగించిన పూట పోలమ్మ వచ్చింది. కూర్చోబెట్టి, తన పొయ్యి ఎన్నిసార్లు పడిందో, ఎలా నిలబెట్టుకుందో ఒక్కటీ దాచకుండా ఆ పిల్లకు చెప్పింది. నూకాలు పక్కనే నిలబడి విన్నది. పిల్ల చివర్లో అడిగింది.

"పెద్దమ్మా, చెప్పడానికి భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? వేసింది. భయపడుతూనే చెప్పాను."

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఒంట్లో గానీ ఇంట్లో గానీ చెడు దూరితే దాచిపెట్టకూడదు. దాచిన కొద్దీ అది పెరిగి మనవాళ్ళ మీద కూడా పడుతుంది కనక, భయమేసినా సరే మొదటి పూటే నోరు విప్పి చెప్పాలి.